ఓక్‌లాండ్‌లో రోడ్డుకి పేరున్న హెగెన్‌బర్గర్ ఎవరు? జీపీఎస్ లేకుండా హవాయి ఎలా దొరికింది వీళ్లకి?

రాజాం_కుర్రోడు:

అందరికీ నమస్కారం. మా అక్క కూతురు కోరుకొండ సైనిక్ స్కూల్లో తొమ్మిదో క్లాసు చదువుతోంది, విమానాల చరిత్రలో ఎవరో ఒకళ్ల గురించి పది నిమిషాలు మాట్లాడాలంట, నాకు ఫోన్ చేసి మావయ్యా అందరూ రైట్ బ్రదర్స్ లిండ్‌బర్గ్ రాకేశ్ శర్మ అని చెప్పేస్తారు నాకు ఎవరూ చెప్పనోళ్లు కావాలి అంది. మా పెద్దమ్మ గారి అబ్బాయి అమెరికాలో ఓక్‌లాండ్ వైపు ఉంటాడు, అక్కడ ఎయిర్‌పోర్ట్‌కి వెళ్లే పెద్ద రోడ్డు పేరు హెగెన్‌బర్గర్ రోడ్డు, ఆయనెవరో మిలటరీ విమానాల మనిషి, 1927లో అక్కణ్నుంచి హవాయికి వెళ్లాడు అని వాడు చెప్పాడు, అంతకుమించి వాడికీ తెలీదు.

నా డౌటు ఏటంటే, అక్కణ్నుంచి హవాయి అంటే మధ్యలో అంతా సముద్రమే కదా, ఒక్క దీవి కూడా లేదు, రాడార్ లేదు జీపీఎస్ లేదు, మరి దారి ఎలా తెలిసింది? పైగా పైలట్‌కి దారి లెక్కకట్టి చెప్పే ఈ నావిగేటర్ అనే ఉద్యోగం ఇప్పుడు మన దగ్గర ఉందా? కోడలికి పైలట్ కంటే ఇదే నచ్చేటట్టుంది. తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి, తనకి చదివి వినిపిస్తాను.

గంటస్తంభం_సెంటర్:

మీ కోడలికి మంచి మనిషి దొరికాడండి. పూర్తి పేరు ఆల్బర్ట్ హెగెన్‌బర్గర్, 1895లో బోస్టన్‌లో పుట్టాడు, ఎంఐటీలో చదివాడు, 1917లో అమెరికన్ ఆర్మీ విమాన విభాగంలో చేరాడు (అప్పటికి వాళ్లకి వేరే ఎయిర్‌ఫోర్స్ లేదు, అది 1947లోనే వచ్చింది). మొదటి ప్రపంచ యుద్ధం అయిపోయాక డేటన్ ఊళ్లో మెకుక్ ఫీల్డ్ అని ఆర్మీ వాళ్ల ప్రయోగ కేంద్రం ఉండేది, అందులో ఇన్‌స్ట్రుమెంట్ల విభాగం ఈయన చూసేవాడు. నా లెక్కలో ఈయన జీవితం అసలు మొదలైంది అక్కడే.

ఎందుకంటే అప్పటి పైలట్లు కింద కనబడే రైలు పట్టాలు, ఏరు, ఊరి గుడి చూసుకుంటూ ఎగిరేవారు, మబ్బు కమ్మితే ఏదో పొలంలో దిగిపోవడమే. విమానం తయారుచేసేవాళ్లు ఇంజను ఇంకా పెద్దది రెక్క ఇంకా పొడుగు అని పోటీలు పడుతుంటే, ఈయన మాత్రం కింద ఏమీ కనబడకపోయినా మనం ఎక్కడున్నామో ఎలా చెప్పాలి అన్న ఒక్క ప్రశ్న పట్టుకుని పదిహేనేళ్ల పాటు వదల్లేదు. దిక్సూచిలు, గాలి ఎంత పక్కకి నెట్టిందో కొలిచే డ్రిఫ్ట్ మీటర్లు, చుక్క ఎంత ఎత్తులో ఉందో కొలిచే సెక్స్‌టెంట్లు, నేల మీది రేడియో బీకన్లు పంపే దారి సిగ్నల్ని పట్టుకునే రిసీవర్లు, అన్నీ విమానంలో పెట్టి పరీక్షించేవాడు.

ఇంక హవాయి సంగతి. 1927 మే నెలలో లిండ్‌బర్గ్ ఒక్కడే న్యూయార్క్ నుంచి పారిస్ వెళ్లాడు, లోకమంతా హోరెత్తిపోయింది. కానీ ఆలోచించండి, అట్లాంటిక్ దాటి తూర్పుకి పోతే ఎదురుగా ఉన్నది యూరప్, కాస్త అటూ ఇటూ అయినా ఏదో ఒక దేశం తగుల్తుంది. హవాయి అలా కాదు, నడి సముద్రంలో చిన్న దీవుల గుంపు, తప్పితే ఇంక నీళ్లే. రెండేళ్ల ముందు, 1925లో, అమెరికన్ నేవీ వాళ్లు జాన్ రోజర్స్ అనే కమాండర్‌తో ఒక నీటి విమానం పంపారు, దార్లో నిలబెట్టిన ఓడ దగ్గర పెట్రోల్ పోయించుకుందామంటే రేడియో దిశ తప్పు వచ్చి ఆ ఓడే దొరకలేదు, సముద్రంలో దిగిపోయి రెక్క బట్ట పీకి తెరచాప కట్టి రోజుల తరబడి తేలుకుంటూ కవాయి దీవి దాకా వెళ్లారు. అంత కష్టమైన దారి అది.

1927 జూన్ 28 పొద్దున్న ఏడు దాటాక లెఫ్టినెంట్ లెస్టర్ మెయిట్‌లాండ్ పైలట్‌గా, హెగెన్‌బర్గర్ నావిగేటర్‌గా ఓక్‌లాండ్ నుంచి లేచారు. మూడు ఇంజన్ల ఫోకర్ విమానం, పేరు బర్డ్ ఆఫ్ పారడైజ్. దూరం 2,407 మైళ్లు, అంటే సుమారు 3,870 కిలోమీటర్లు. ఈ ప్రయాణం కోసమే శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒకటి, మౌయి దీవి మీద ఒకటి రేడియో బీకన్లు పెట్టారు, ఆ సిగ్నల్ దారి మీద వెళ్తే చాలు అని ప్లాన్. లేచిన కాసేపటికే రిసీవర్ మొరాయించింది, మధ్యమధ్యలో కొంచెం పనిచెయ్యడం మళ్లీ ఆగిపోవడం. ఎర్త్ ఇండక్టర్ కంపాస్ అని అప్పటికి కొత్త రకం దిక్సూచి ఉంది, అదీ పోయింది. అంటే మిగిలింది మామూలు దిక్సూచి, వాచీ, సెక్స్‌టెంట్, పెన్సిలు, ఆయన బుర్ర. దార్లో కనబడిన ఓడల్ని బట్టి సరిచూసుకున్నాడు, రాత్రి మబ్బుల పైకి ఎక్కి చుక్కల్ని కొలిచాడు. తిండి కూడా లేదు పాపం, పెట్టిన సాండ్‌విచ్‌లు ఎక్కడున్నాయో వాళ్లకి కనబడలేదు, దిగాక చూస్తే టార్పాలిన్ కింద ఉన్నాయి.

తెల్లవారుజామున చీకట్లో ఎడమ పక్కన ఒక లైటు మెరిసింది. అది కవాయి దీవి ఉత్తరపు కొన మీదున్న కిలవేయా లైట్‌హౌస్. వాన, చీకటి, ఎదర కొండలు, అందుకని తెల్లారేదాకా అక్కడే చుట్లు కొట్టి, వెలుగొచ్చాక అసలు వెళ్లాల్సిన ఓవాహు దీవికి వెళ్లి అక్కడి ఆర్మీ విమానాశ్రయం వీలర్ ఫీల్డ్‌లో హవాయి టైమ్ ప్రకారం 6 గంటల 29 నిమిషాలకి దిగారు. మొత్తం 25 గంటల 50 నిమిషాలు. ఆర్మీ విమాన విభాగంలో ఏడాదికి మేటి ప్రయాణానికి ఇచ్చే మెకే ట్రోఫీ ఆ ఏడాది ఇద్దరికీ ఇచ్చారు.

ఇది ఆయన కెరీర్‌లో సగమేనండి, మిగతాది రాత్రికి రాస్తాను, క్లాసుంది.

కళింగపట్నం_తీరం:

చాలా బాగా రాశారు మేస్టారు. లైట్‌హౌస్ మాట చదవగానే మా ఊరు గుర్తొచ్చింది. మా తాతగారి తరంలో వేటకెళ్లినోళ్లకి యంత్రాలేటీ లేవు, మా వీధిలో ఒక ముసలాయన ఇప్పటికీ అంటాడు "సుక్కని సూసుకునీ ఎల్లీవోళ్లం, లైటు సూసుకునీ వొచ్చీవోళ్లం బాబూ" అని. సప్తర్షులు ఏ వైపు వాలాయో చూసి రాత్రి ఎంత గడిచిందో చెప్పేస్తాడు, వేగుచుక్క పొడిస్తే వల లాగీవోళ్లమంటాడు. ఇప్పుడు కుర్రాళ్లందరి దగ్గరా జీపీఎస్ ఉంది అనుకోండి.

నా ప్రశ్న వేరే. పడవ నెమ్మదిగా పోతుంది, చుక్కని చూసుకోవచ్చు. విమానం అంత స్పీడుగా పోతూ ఊగిపోతూ ఉంటే చుక్క ఎత్తు కొలవడం ఎలా కుదురుద్ది? పైగా రాత్రిపూట సముద్రం అంచు కనబడదు కదా, దేన్నిబట్టి కొలుస్తారు?

పలాస_మాజీ_నేవీ:

తీరం గారూ మంచి ప్రశ్న. నేను నేవీలో విమానాల వైపు చేసి రిటైరయ్యాను, ఇప్పుడు పలాసలోనే. నాకు తెలిసింది చెప్తాను.

ముందు చుక్కల జోలికి వెళ్లకుండా డెడ్ రెకనింగ్ అర్థం చేసుకోవాలి, అదే అన్నిటికీ పునాది. బయల్దేరిన చోటు తెలుసు, ఏ దిక్కుకి పోతున్నామో తెలుసు, స్పీడు తెలుసు, ఎంతసేపైందో తెలుసు, అంటే ఎక్కడుండాలో లెక్క కట్టొచ్చు. చిక్కు ఎక్కడంటే గాలి దగ్గర. వాళ్ల విమానం సగటున గంటకి 150 కిలోమీటర్లు పోయింది, పక్క నుంచి గంటకి 20 కిలోమీటర్ల గాలి తగిలింది అనుకోండి, మన దగ్గర డాబా మీద ఆరేసిన బట్టలు ఊగే గాలి అది, పెద్దదేం కాదు, దాన్ని లెక్కలోకి తీసుకోకపోతే 25 గంటల్లో 500 కిలోమీటర్లు పక్కకి పోతారు. హవాయి దాటేసి సముద్రంలోనే. అందుకే కింద అలల్ని చూసో, పొగ వదిలేది ఏదైనా నీళ్లలో పడేసి అది వెనక్కి ఏ కోణంలో జరుగుతోందో చూసో డ్రిఫ్ట్ కొలుస్తారు, ముక్కుని ఆ మేరకి గాలి వైపు తిప్పి పెడతారు. గంట గంటకీ ఇదే పని, గాలి మారితే లెక్కా మారాలి.

ఇంకో లెక్క ట్రైనింగ్‌లో నోట్లో నానేది. 1 డిగ్రీ తప్పు పోతే 60 మైళ్లకి 1 మైలు పక్కకి. ఇలా చూడండి, కళింగపట్నం నుంచి పోర్ట్‌బ్లెయిర్ సుమారు 1,200 కిలోమీటర్లు, 1 డిగ్రీ తప్పితే 20 కిలోమీటర్లు అవతల తేల్తాం, అండమాన్ పొడుగ్గా ఉంది కాబట్టి ఎక్కడో తగుల్తుంది. ఓక్‌లాండ్ నుంచి హవాయికి 1 డిగ్రీ అంటే 40 మైళ్లు. మూడు నాలుగు డిగ్రీలు తప్పితే అయిపోయినట్టే.

ఇప్పుడు చుక్కలు. ఓడలో సెక్స్‌టెంట్‌తో చుక్కకీ సముద్రపు అంచుకీ మధ్య కోణం కొలుస్తాం. విమానంలో మీరన్నట్టు అంచు కనబడదు, అందుకని బబుల్ సెక్స్‌టెంట్ వచ్చింది, మేస్త్రీ రసమట్టంలో లాగా లోపల బుడగ ఉంటుంది, బుడగ మధ్యలో ఉన్నప్పుడు చుక్కని దాంతో కలిపి కోణం చదవాలి. విమానం ఊగితే బుడగ పారిపోతుంది కాబట్టి ఒక్కసారి కాదు, చాలాసార్లు కొలిచి సగటు తీస్తారు, ఆ టైమ్‌లో పైలట్ విమానాన్ని కదలకుండా పట్టుకోవాలి. ఇది చేత్తో చేసినవాడికే తెలుస్తుంది ఎంత ఓపిక కావాలో, చలికి వేళ్లు కొంకర్లు పోతుంటే పెన్సిలు పట్టుకుని లాగరిథమ్ పట్టికలు చూసి లెక్క కట్టాలి, లెక్క అయ్యేసరికి విమానం ఎన్నో మైళ్లు ముందుకి పోయి ఉంటుంది.

వాచీ కూడా అంతే ముఖ్యం. భూమి తిరుగుతూ ఉంటుంది కదా, వాచీ 4 సెకన్లు తప్పితే భూమధ్యరేఖ దగ్గర దాదాపు 2 కిలోమీటర్లు తప్పు, ఒక నిమిషం తప్పితే సుమారు 28 కిలోమీటర్లు. అమెరికన్ నేవీలో వీమ్స్ అని ఇంకో మహానుభావుడు ఉన్నాడు, సెకన్ల ముల్లుని రేడియో టైమ్‌కి సరిగ్గా కలుపుకునే వాచీ ఆయన తెచ్చిందే. లిండ్‌బర్గ్ పారిస్ వెళ్లొచ్చాక 1928లో ఈ వీమ్స్ దగ్గర చుక్కల నావిగేషన్ నేర్చుకున్నాడు. పారిస్ వెళ్లినప్పుడు అతను చుక్కల్ని కొలవలేదు, అంతా డెడ్ రెకనింగే.

సీతంపేట_సిద్ధు:

అన్నీ బాగానే ఉన్నాయి గానీ నాకైతే కొంచెం అదృష్టం అనిపిస్తుంది. ఓవాహుకి వెళ్లాల్సినోళ్లు కవాయి దగ్గర తేలారు, ఆ లైటు కనబడకపోయి ఉంటే కథ వేరేలా ఉండేది కదా. ఒక్క ప్రయాణానికి పయనీర్ అనేస్తామా?

గంటస్తంభం_సెంటర్:

సిద్ధూ, నేను గట్టిగా ఒప్పుకోను. కవాయికీ ఓవాహుకీ మధ్య 75 మైళ్లు, అంటే 120 కిలోమీటర్లు. 3,870 కిలోమీటర్లు వచ్చి, రేడియో సరిగ్గా లేక, మంచి దిక్సూచి పోయి, 120 లోపు తేడాతో దీవుల గుంపులోకే వచ్చాడు, పలాస గారి లెక్కలోనే చెప్పాలంటే రెండు డిగ్రీలు కూడా లేదు. అదృష్టం అంటే అందరికీ రావాలి కదా, అదే ఏడాది ఆగస్టులో ఏమైందో చూడు.

హవాయి అనాసపళ్ల వ్యాపారి జేమ్స్ డోల్ ఇదే దారికి పందెం పెట్టాడు, మొదటి వాళ్లకి 25,000 డాలర్లు, రెండో వాళ్లకి 10,000. ఓక్‌లాండ్‌లోనే మొదలు. ఆగస్టు 16న ఎనిమిది విమానాలు రన్‌వే మీదకి వచ్చాయి, హవాయి చేరినవి రెండే. కొన్ని లేవలేకో, లేచి తిరిగొచ్చో ఆగిపోయాయి, రెండు సముద్రం మీద మాయమైపోయాయి, వాటిని వెతకడానికి వెళ్లిన ఇంకో విమానం కూడా తిరిగి రాలేదు. పందానికి ముందు తయారీలో పోయినవాళ్లతో కలిపి పదిమంది చనిపోయారు. గెలిచిన విమానంలో నావిగేటర్ ఎవరంటే విలియం డేవిస్ అని నేవీ లెఫ్టినెంట్, చుక్కలూ రేడియో రెండూ చదువుకున్నవాడు. ఇంజన్లు అందరివీ ఇంచుమించు ఒకటే, ధైర్యం కూడా ఎవరికీ తక్కువ లేదు, నావిగేషన్ దగ్గరే తేడా వచ్చింది అని నేను నమ్ముతాను.

పైగా ఆ లైటు కనబడ్డాక ఏం చేశాడో అది కూడా చూడాలి. ఒళ్లు అలిసిపోయి, ఆకలి మీద ఉండి, నేల కనబడ్డాక ఎవరైనా దిగిపోదాం పద అంటారు. ఆగారు. చీకట్లో వానలో కొండల మధ్యకి వెళ్లకుండా చుట్లు కొట్టుకుంటూ వెలుతురు కోసం ఎదురుచూశారు. నావిగేటర్ పని అంటే లెక్క కట్టడమే కాదు, ఆ లెక్క మీద ఎంత వరకు నమ్మకం పెట్టుకోవచ్చో తెలియడం.

ఇక ఒక్క ప్రయాణమేనా అన్నావు కదా, పొద్దున్న ఆపిన రెండో సగం ఇదిగో. దీవి దొరకడం ఒక ఎత్తు, పొగమంచులో ఏమీ కనబడకుండా రన్‌వే మీద దిగడం ఇంకో ఎత్తు. 1929 సెప్టెంబరులో జిమ్మీ డూలిటిల్ అనే ఆర్మీ పైలట్ కాక్‌పిట్‌కి ముసుగు కప్పించుకుని మీటర్లు మాత్రమే చూస్తూ లేచి, తిరిగి, దిగాడు, కానీ ఏదైనా తేడా వస్తే పట్టుకోవడానికి ఇంకో పైలట్ కూడా విమానంలో ఉన్నాడు. 1932 మే 9న డేటన్‌లో హెగెన్‌బర్గర్ అదే పని ఒంటరిగా చేశాడు. ముసుగు లోపల ఒక్కడే, పక్కన ఎవరూ లేరు, బయట ఏం ఉందో కనబడదు, మీటరు ముల్లుల్ని నమ్మి చక్రాలు నేలకి తాకేదాకా కిందకి దించాలి. అలా మొత్తం ప్రయాణం చేసిన మొదటి మనిషి ఈయనే.

ఆ తర్వాత దాన్ని సర్కస్‌లా వదిలెయ్యలేదు, పద్ధతిగా మార్చాడు. రన్‌వే గీతకి సూటిగా దూరంలో ఒకటి దగ్గరలో ఒకటి చిన్న రేడియో బీకన్లు, విమానంలో వాటి వైపు ముల్లు చూపించే రేడియో కంపాస్, బీకన్ మీదుగా పోతున్నప్పుడు తెలియజేసే మార్కర్, ఫలానా చోట ఇంత ఎత్తులో ఉండాలి అక్కణ్నుంచి నిమిషానికి ఇంత చొప్పున దిగాలి అని లెక్క. దీనికే 1934 కోలియర్ ట్రోఫీ ఇచ్చారు, అమెరికా విమాన రంగంలో దానికంటే పెద్ద గౌరవం లేదు. ఇప్పుడు ఎయిర్‌పోర్టుల్లో విమానాల్ని రన్‌వే మీదకి దించే రేడియో ఏర్పాటు ఐఎల్ఎస్ ఉంది, అందులో కిందకి దిగే దారి కూడా రేడియో కిరణమే చూపిస్తుంది, ఈయన పద్ధతిలో అది లేదు. వానాకాలం మబ్బుల్లో దిగే విమానాలకి ఈ ఐఎల్ఎస్సే దారి చూపిస్తుంది.

రెండో ప్రపంచ యుద్ధం నాటికి జనరల్ అయ్యాడు. భారత్ బర్మా వైపు పోరాడిన అమెరికన్ 10వ ఎయిర్‌ఫోర్స్ 1945లో చైనాకి మారాక ఆగస్టులో దానికి కమాండర్ ఈయనే. చివరి ఉద్యోగం ఇంకా విచిత్రం, సోవియట్ వాళ్లు అణుబాంబు పేలిస్తే దూరం నుంచే పసిగట్టే రహస్య విభాగం ఈయన కింద ఉండేది. 1949 ఆగస్టు 29న వాళ్లు మొదటి బాంబు పేల్చారు, 31న ఈయన రిటైరయ్యాడు, సెప్టెంబరు 3న ఆ విభాగం కోసం ఎగిరిన విమానానికి గాలిలో ఆ ధూళి దొరికింది. 1983లో చనిపోయాడు.

రాజాం_కుర్రోడు:

మేస్టారూ దండాలు. కోడలికి ఫోన్లో మొత్తం చదివి వినిపించాను, డోల్ పందెం దగ్గర అయితే మళ్లీ చదవమంది. పది నిమిషాల్లో అన్నీ పట్టవు కాబట్టి హవాయి ప్రయాణం, 1932 ముసుగు ప్రయాణం ఈ రెండే చెప్తానంటోంది, నాకూ అదే మంచిదనిపించింది.

తను ఇంకో రెండు అడగమంది. మన దగ్గర నావిగేటర్ అవ్వాలంటే ఎటు వెళ్లాలి, ఆడపిల్లలకి ఉందా అని. రెండోది, చుక్కని కొలవడం క్లాసులో చేసి చూపించొచ్చా అని. పలాస గారు చెప్తారేమో.

పలాస_మాజీ_నేవీ:

తప్పకుండా చెప్తాను బాబు. మా నేవీలో నావిగేటర్ అనరు, మా కాలంలో అబ్జర్వర్ అనేవారు, ఇప్పుడు నోటిఫికేషన్లలో నేవల్ ఎయిర్ ఆపరేషన్స్ ఆఫీసర్ అని ఉంటుంది, కొచ్చిలో ఐఎన్ఎస్ గరుడ అనే నేవీ విమాన స్థావరంలో అబ్జర్వర్ స్కూల్ ఉంది. సముద్రం మీద గస్తీ తిరిగే డోర్నియర్ లాంటి వాటిలో పైలట్ విమానం నడిపితే ఎటు పోవాలి ఏది వెతకాలి అన్నది అబ్జర్వర్ చూస్తాడు. మన వైజాగ్‌లోని నేవీ విమాన స్థావరం ఐఎన్ఎస్ డేగాలో డోర్నియర్లు ఉన్నాయి. ఆడపిల్లలు అబ్జర్వర్లుగా ఎప్పట్నుంచో చేస్తున్నారు, కొత్తేం కాదు, ఆ భయం పెట్టుకోవద్దని చెప్పండి. ఎయిర్‌ఫోర్స్‌లో నావిగేటర్లకి హైదరాబాద్ బేగంపేటలో ట్రైనింగ్ ఉండేది, ఇప్పుడు ఆ పని వెపన్ సిస్టమ్స్ (ఆయుధాల వ్యవస్థలు నడిపే) బ్రాంచ్‌లోకి మారుతోంది, సుఖోయ్ యుద్ధ విమానంలో వెనక సీటు వాళ్లు ఆ కోవలోకే వస్తారు. ఇంటర్‌లో మ్యాథ్స్ ఫిజిక్స్ గట్టిగా ఉండాలి, ముఖ్యంగా ట్రిగొనామెట్రీ. కళ్ల పరీక్ష రూల్సు ఒక్కో ఎంట్రీకి ఒక్కోలా ఉంటాయి, నోటిఫికేషన్ చూసుకోవాలి.

జీపీఎస్ వచ్చాక ఇదంతా ఎందుకు అని ఎవరైనా అడిగితే, అమెరికన్ నేవీ అకాడమీలో చుక్కల నావిగేషన్ ఆపేసి మళ్లీ 2015లో మొదలుపెట్టారని చెప్పమనండి. సిగ్నల్ జామ్ చెయ్యొచ్చు, తప్పుడు సిగ్నల్ పంపి దారి మళ్లించొచ్చు, చుక్కల్ని ఎవడూ జామ్ చెయ్యలేడు.

క్లాసులో చూపించడానికి సులువైనది ధ్రువ నక్షత్రం. అది నేల అంచు నుంచి ఎన్ని డిగ్రీల ఎత్తులో ఉందో అదే ఇంచుమించు మన అక్షాంశం. కోరుకొండ సుమారు 18 డిగ్రీలు. జామెట్రీ బాక్సులో ప్రొట్రాక్టర్ తీసి, మధ్య చిల్లుకి దారం కట్టి, దారం చివర నట్టు వేలాడదియ్యండి. ప్రొట్రాక్టర్ తిన్నటి అంచుని చుక్క వైపు పెట్టి చూస్తూ ఉంటే దారం ఏ గీత మీద నిలిచిందో పక్కవాళ్లు చదవాలి, 90 నుంచి అది ఎంత తేడా ఉందో అదే చుక్క ఎత్తు. నట్టు ఊగడం ఆగేదాకా చదవకూడదు, మూడు నాలుగుసార్లు కొలిచి సగటు తియ్యాలి. ఉత్తరం వైపు చెట్లు, దీపాలు లేని చోటు చూసుకోవాలి, మన దగ్గర అది బాగా కిందకే ఉంటుంది, చెయ్యి చాచి రెండు పిడికిళ్లు ఒకదాని మీద ఒకటి పెడితే దాదాపు అంత ఎత్తు. ఓవాహులో అయితే 21 డిగ్రీలు, అంటే హెగెన్‌బర్గర్ వెళ్లిన చోట ఆ చుక్క మనకంటే ఒక మూడు డిగ్రీలే పైన.

కళింగపట్నం_తీరం:

పలాస గారూ ఈ ప్రొట్రాక్టర్ పద్ధతి మా హైస్కూల్ పిల్లలతో కూడా చేయిస్తాను. రాజాం తమ్ముడూ, కోడలి చేత కూడా కొలిపించి ఎంతొచ్చిందో ఇక్కడ పెట్టు, మా పిల్లలది కూడా పెడతాను, రెండు ఊళ్ల తేడా తెలుస్తుందేమో చూద్దాం.